బ్రదర్ ఏమోస్‌కి నాలుగు కాళ్ళు

మీకేమండీ, హాయిగా పడుకున్నారు. "నెడ్రా, నువ్వే చెప్పాలి" అని నా నెత్తిన పెట్టేసి, మీరు మాత్రం చల్లగా మట్టి కప్పుకుని పడుకున్నారు. మిట్టమధ్యాహ్నం, ఊరందరి ముందు, మైకు పట్టుకుని నిలబడింది ఎవరు? నేను. ఎండకి మాడు కాలింది ఎవరికి? నాకు. ఇలాంటి పని అప్పజెప్పి పోయే మొగుడు ఇంకెవరికైనా ఉంటాడా అసలు?

ఉండండి, ముందు ఈ మడత కుర్చీ విప్పుకోనివ్వండి. దీని కాలు మళ్ళీ ఇరుక్కుంది. బాగుచేస్తానన్నారు, గుర్తుందా? ఆఁ... వచ్చింది. గడ్డంతా తడి. ఈ శ్మశానం వాళ్ళు సరిగ్గా మనుషులొచ్చే వేళకే నీళ్ళు వదులుతారు. కొత్త చెప్పులండీ ఇవి!

ఇదిగో, సోడా కూడా తెచ్చుకున్నాను. పెద్ద గ్లాసే. కొబ్బరి పాకం పోయించుకున్నాను. అలా చూడకండి. మన చర్చివాళ్ళకి దేవుడు కాఫీ వద్దన్నాడు గానీ సోడా గురించి ఏమీ అనలేదు. ఏమిటీ, ఆధారం ఏదంటారా? అదిగో, మొదలుపెట్టారు.

ఆధారం ఏది, ఆధారం ఏది! పెళ్ళయిన దగ్గర్నుంచీ ఈ మాట విని విని నా చెవులు తుప్పు పట్టాయి. రొట్టె బాగా వచ్చిందంటే ఆధారం. పక్కింటావిడ మళ్ళీ నీళ్ళోసుకుందంటే ఆధారం. మీరంటే నాకిష్టం అని నేను సిగ్గుతో చచ్చిపోతూ చెబితే, "ఎప్పటినుంచి? ఇంకెవరికైనా తెలుసా?" అని అడిగిన మనిషి మీరు. ఆ రోజే లేచి మా ఇంటికి పోవలసింది.

సరే, వినండి. చెప్పేశాను. బ్రదర్ ఏమోస్ మనిషి కాదు, ఎద్దు అని ఎలిమ్ ఊరు ఊరంతా వింటుండగా చెప్పేశాను. కొండ మీద ఆయన విగ్రహం పెట్టి, గుడ్డ తీసిన పది నిమిషాలకే.

మొత్తం చెప్పావా అంటారు. తెలుసు, అదే అడుగుతారని. తొందరపడకండి, వరసగా వస్తాను.

అసలు నా బాధ మీకేం తెలుసు? మీరు పక్క లోయ వాళ్ళు. ఏమోస్ మీకు పరిశోధన. నేను అలా కాదే! పాలు తాగే వయసు నుంచీ ఏమోస్ కథ వింటూ పెరిగినదాన్ని. మా ముత్తవ్వ కెజాయా అయిదేళ్ళ పిల్లగా బండ్ల వరసతో ఇటు వలస వస్తుంటే ఏరు పొంగింది. అందరూ ఒడ్డున నిలబడి ఏడుస్తుంటే బ్రదర్ ఏమోస్ ఆ పిల్లని మెడ మీద ఎక్కించుకుని వరదలోంచి దాటించాడు. దారిలో పిండి అయిపోతే తన వాటా అడగలేదు, గడ్డి తిని బతికాడు. నిలబడే నిద్రపోయేవాడు, పాపం, అందరికీ కాపలా కాస్తూ. తిట్టినా పలకలేదు. కొట్టినా తిరిగి కొట్టలేదు. చివరికి ఆ కొండ దాకా వచ్చి, ఎదురుగా మన లోయ కనిపిస్తుండగా ప్రాణం వదిలాడు. పోతూ పోతూ కూడా అందరి ఆకలీ తీర్చి పోయాడు.

ఇప్పుడు వింటే నవ్వొస్తుంది. అప్పుడు ఎవరికి వచ్చిందండీ? ఆదివారం బడిలో టీచరమ్మ చెబుతుంటే పిల్లలమంతా వెక్కి వెక్కి ఏడ్చేవాళ్ళం. నేను కారెట్ తిననని మారాం చేస్తే మా అమ్మ, "ఏమోస్ గడ్డి తిన్నాడు, నీకు కారెట్‌కి వచ్చిందా?" అనేది.

కొట్టినా తిరిగి కొట్టలేదట! ఎవరండీ కొట్టింది? అంత మంచివాణ్ణి ఎందుకు కొడతారు? ఒక్కరమైనా అడిగామా?

మా హుల్డా పెద్దమ్మ సంగతే చూడండి. అమ్మ పొలంలో ఉంటే నన్ను పెంచింది ఆవిడే. ఎత్తైన మనిషి, గట్టి మనిషి, టర్కీ కోడిని ఒంటిచేత్తో అదిమి పట్టేది. సంబంధాలు రాలేదా? బోలెడు వచ్చాయి. వచ్చినవాణ్ణి ఎగాదిగా చూసి, "వీడు ఏమోస్‌లా ఉంటాడా?" అనేది. వాళ్ళ అమ్మమ్మ కెజాయా ఒళ్ళో కూర్చుని నేరుగా విన్నది కదా. ఏమోస్ మెడ పట్టుకుంటే వెచ్చగా ఉండేదట. ఊపిరి ఎండుగడ్డి వాసన వచ్చేదట. కళ్ళు పెద్దవట, ఎప్పుడూ తడిగా ఉండేవట. అలాంటివాడు దొరికితేనే చేసుకుంటానని కూర్చుంది. ఎక్కడ దొరుకుతాడండీ?

అలాగే పోయింది, పెళ్ళి లేకుండా. పెళ్ళి ముడి పైలోకంలోనూ ఉంటుందని నమ్మే మనవాళ్ళలో అదెంత వెలితో మీకు చెప్పాలా? పైన అందరూ జంటలు జంటలుగా ఉంటే మా పెద్దమ్మ ఒక్కతీ ఓ మూల కూర్చోవాలి. ఇక మా పిన్ని కూతురు వెర్లా ఊరుకుంటుందా? చచ్చినవాళ్ళని వాళ్ళ మానాన వదిలెయ్యడం దానికి చేతకాదు. పోయిన చుట్టాలందరికీ బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు అయ్యేదాకా దానికి అన్నం సయించదు. "నెడ్రక్కా, ఏమోస్‌కి కూడా పెళ్ళి కాలేదు కదా!" అని పరిగెత్తుకొచ్చింది. ఇంటిపేరు దొరకలేదు. అనాథ అయి ఉంటాడు పాపం అంది. బండ్ల పెద్ద పేరు టటిల్ గనక ఏమోస్ టటిల్ అని రాసేసింది.

ముందు ఏమోస్‌కి బాప్తిస్మం. తర్వాత దేవాలయంలో ఇద్దరికీ శాశ్వతంగా ముడి. ఆ రోజుల్లో ఎవరూ ఇంతగా ఆరా తీసేవాళ్ళు కాదు. పోయినవాళ్ళ తరఫున బతికున్నవాళ్ళు మోకరించాలి కదా. పెద్దమ్మ తరఫున నేను మోకరించాను. ఏమోస్ తరఫున ఎవరండీ?

చెప్పరేం?

మీరే! తెల్లబట్టలు వేసుకుని, కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని. నాకు ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని ఎద్దు తరఫున పెళ్ళాడారు. అప్పుడు అడగాలని తోచలేదు మీకు ఆధారం!

తర్వాత తోచింది లెండి. ఓ ఆదివారం భోజనం చేస్తూ చేస్తూ ఆగిపోయి, "నెడ్రా, ఈ ఏమోస్ ఒక్క మాట మాట్లాడినట్టు ఎవరైనా చెప్పారా?" అన్నారు. "మితభాషి అంటారు" అన్నాను. "మనవాళ్ళలో మితభాషి ఉంటాడా?" అన్నారు.

నిజమే కదా! నెలకోసారి ఉపవాసపు ఆదివారం ఎవరైనా లేచి సాక్ష్యం చెప్పొచ్చంటే, మన గార్త్ టటిల్ మైకు వదులుతాడా? మోకాలి ఆపరేషన్ దగ్గర మొదలుపెట్టి, ట్రాక్టరు గేరు దాకా అన్నిట్లో దేవుడి చెయ్యి చూపిస్తాడు. పిల్లలు ఆకలికి సోలిపోతుంటారు, వాడు ఆపడు. అలాంటి జాతిలో ఒకడు, అంత దూరం నడిచి వచ్చి, ఒక్క సాక్ష్యం చెప్పకుండా పోయాడా? పైగా ఆ కాలంలో పక్క బండాయనకి ముగ్గురు పెళ్ళాలుంటే ఈయనకి ఒక్కతి కూడా లేదా? అదిగో, అక్కడ మీ బుర్రలో పురుగు తొలిచింది.

ఇంక చూసుకోండి, ఇంటింటికీ తిరగడమే. ప్రతి ముసలమ్మ వరండాలోనూ మీరు రికార్డరు పెట్టడం, నేను రొట్టెలు పెట్టడం. రొట్టెలు చూస్తే గానీ ఎవరూ నోరు విప్పేవాళ్ళు కాదు. ఆ సంగతి మీరు రాస్తున్న పుస్తకంలో ఎక్కడా రాయలేదు, చూశాను. ఒకావిడ ఏమోస్‌కి ఇనప బూట్లుండేవంది. ఇంకొకావిడ ఏమోస్ ఎప్పుడూ ఎడమవైపే నడిచేవాడంది. సోరెన్సన్ తాత అయితే, ఏమోస్ తోకతో ఈగలు తోలుకునేవాడని చెప్పి, వాళ్ళావిడ మోచేత్తో పొడవగానే "టోపీతో, టోపీతో" అని దిద్దుకున్నాడు. మీరు ఇంటికొచ్చి ఆ ముక్క మళ్ళీ మళ్ళీ వేసుకుని విన్నారు.

అయినా మీకు చాల్లేదు. అనుమానం ఆధారం కాదు నెడ్రా అన్నారు.

పోయినేడు ఆకులు రాలే రోజుల్లో విగ్రహానికి పునాది తవ్వారు చూడండి, కొండ మీద, ఏమోస్ పోయిన చోటే. కొమ్ములతో సహా పుర్రె బయటపడింది. ఇంకేం, ఇప్పుడు తెలుసుకుంటారు అనుకున్నాం. తెలుసుకున్నారా? "ఆహా, ఏమోస్ ఎంత దయగలవాడు, తన ఎద్దుని పక్కనే పూడ్చమన్నాడు!" అన్నారు. మరి ఏమోస్ ఎముకలేవయ్యా అంటే, "ఆయన్ని దేవుడు ఉన్నపళంగా తీసుకెళ్ళిపోయి ఉంటాడు" అన్నారు. ఇక ఏం మాట్లాడతాం?

మీరు మాత్రం ఓ కాలి ఎముక చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశారు. ఇంటికొచ్చి టోపీ కూడా తియ్యకుండా కూర్చుని, "నెడ్రా, తినేశారు" అన్నారు.

"ఎవరిని?" అన్నాను.

"బ్రదర్ ఏమోస్‌ని. ఎముక మీద కత్తి గాట్లున్నాయి."

పోతూ పోతూ అందరి ఆకలీ తీర్చి పోయాడు! అమ్మబాబోయ్! ఆ వేళ మనం నవ్విన నవ్వు! నేను పొయ్యి పట్టుకుని, మీరు బల్ల పట్టుకుని. మధ్యలో పెద్దమ్మ గుర్తొచ్చి నా నవ్వు ఆగిపోయింది. అప్పుడు మీరు మెల్లిగా, "మరి నేను మోకరించాను కదా" అన్నారు. మళ్ళీ మొదలు! కడుపు పట్టుకుని నేల మీద కూర్చున్నాను. మన కాపురంలో అంతలా నవ్వింది అదొక్కసారే అనుకుంటా.

కెజాయాకి తెలియదా ఎద్దని? తెలుసు. బండివాళ్ళే కదా ముద్దుగా బ్రదర్ అని పిలిచింది. "అందరికీ తెలిసిన సంగతి ఎవరూ నోరు విప్పి చెప్పరు నెడ్రా, అందుకే ముందు మరుగున పడేది అదే" అన్నారు మీరు. ఆ మాట నాకు భలే నచ్చింది. ఆ ఒక్క మాటకి నేను ఆధారం అడగలేదు, గమనించారా?

మంచు కరిగే రోజుల్లో మీరు మంచాన పడ్డారు. ఆవిష్కరణకి ఉపన్యాసం మీదే అని అప్పటికే ఆహ్వానాల్లో వేసేశారు. ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకుని, "ఏమోస్ సంగతి చెప్పు. మొత్తం చెప్పు. తినేసిన సంగతితో సహా" అన్నారు. సరేనన్నాను. ఇంకేదో అనబోయారు. నా గురించేమో, ఓ మంచి మాటేమో అని మీ నోటి దగ్గర చెవి పెట్టాను. "సగం చెబితే చెప్పనట్టే" అన్నారు. అంతే. అవే ఆఖరి మాటలు. ఎవరి మొగుడైనా ఎద్దు మాట మీద ప్రాణం వదులుతాడా, చెప్పండి?

నాకు కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది.

సరేనన్నది ఆసుపత్రిలో. బతకాల్సింది ఈ ఊళ్ళో. మన ఊరి సంగతి మీకు తెలియనిదా? మీరు పోయినప్పుడు వచ్చిన వంటకాలు పెట్టడానికి ఫ్రిజ్ చాల్లేదు. ఈ ఊరి ప్రేమ గిన్నెల్లో వస్తుంది. కోపం తెలిసేదీ గిన్నెల్లోనే. నోటితో పల్లెత్తు మాట అనరు, విందులో మీ గిన్నె ముట్టుకోరు అంతే. పాపం, ఆ మెర్లీన్ కొండ పేరు మార్చాలన్నందుకు ఏమైంది? ఏ విందుకి తెచ్చినా ఆవిడ పచ్చ జెల్లీ బల్ల మీద ఒంటరిగా వణుకుతూ కూర్చునేది. చివరికి ఆవిడ వేరే ఊరు వెళ్ళిపోయింది.

అందుకే ఇవాళ పొద్దున్నే లేచి బంగాళదుంపలు చేశాను. చావింట్లో వండే రకమే, జున్ను దట్టంగా వేసి, మీగడ పోసి, పైన కార్న్‌ఫ్లేక్స్ నలిపి. నా దుంపల గిన్నె ఈ ఊళ్ళో ఎప్పుడైనా మిగిలి ఇంటికొచ్చిందా? ఇవాళ వస్తే మన పని అయిపోయినట్టే అనుకుంటూ తీసుకెళ్ళాను.

ఊరేగింపయ్యాక అందరం కొండెక్కాం. ఒకటే ఎండ. గార్త్ గుడ్డ లాగాడు. ఇంతెత్తు కంచు మనిషి! గడ్డం, భుజాలు, చేతిలో కర్ర. ఆ దవడ ఎక్కడో చూసినట్టుందే అనుకున్నాను. తీరా చూస్తే గార్త్‌దే! కంచు ఖర్చు వాడిదే గనక మొహమూ వాడిదే పెట్టించాడు. ఏమోస్ టటిల్ మా రక్తమే కదా అని పొంగిపోతూ పక్కన నిలబడ్డాడు.

బిషప్ ఆల్‌రెడ్ వచ్చి, "సిస్టర్ జోర్గెన్సన్, బ్రదర్ డెల్మార్ బదులు మీరు రెండు ముక్కలు చెప్పండి" అన్నాడు. పాపం, టర్కీలు పెంచుకునే కుర్రాడు. తీసుకొచ్చి బిషప్‌ని చేశారు. ఏం వినబోతున్నాడో వాడికేం తెలుసు?

మైకు దగ్గరికి వెళ్ళాను. వెర్లా ముందు వరసలో కూర్చుని అప్పుడే రుమాలు తీసింది. "బ్రదర్స్, సిస్టర్స్, ఏమోస్ మా ముత్తవ్వని ఏరు దాటించాడు. అది నిజం. ఏమోస్ ఎద్దు. అదీ నిజం" అన్నాను. ఇంకేం తిప్పలేదు. ఇనప నాడాలు, ఎడమవైపు కాడి, గడ్డి, తోక, కొమ్ములు, అన్నీ మీరు నేర్పినట్టే ఎవరు చెప్పారో పేర్లతో సహా చెప్పాను. మీరుంటే మురిసిపోయేవాళ్ళు.

అందరూ గార్త్ వైపు చూశారు. విగ్రహం వైపు చూశారు. మళ్ళీ గార్త్ వైపు చూశారు. వాడు మెల్లిగా చెయ్యి ఎత్తి దవడ కప్పుకున్నాడు.

ఇంక మిగిలింది ఒక్కటే. ఎలా పోయాడు. నోరు తెరిచాను. ఎదురుగా వెర్లా. రుమాలు ఒళ్ళో పడిపోయింది, అది తియ్యడం కూడా మర్చిపోయి నా వంకే చూస్తోంది. మైకు కుయ్యిమంది. "భోజనాలు సిద్ధంగా ఉన్నాయి" అని వచ్చి కూర్చున్నాను.

తిట్టండి. అయితే అప్పుడే తిట్టకండి, ఇంకా ఉంది.

ఈసారి విందులో ఏమిటో తెలుసా? పొద్దుటినుంచీ పొగ పెట్టి కాల్చిన ఎద్దు మాంసం! గార్త్ దగ్గరుండి చేయించాడు. ఒక్కరు ముట్టుకుంటే ఒట్టు. ఏమోస్ చుట్టాల్ని తింటున్నట్టు మొహాలు పెట్టి, అందరూ పక్కనున్న బిషప్ టర్కీ మీద పడ్డారు. కానీ నా దుంపలు ఏం పాపం చేశాయండీ? వాటిలో మాంసం లేదే! వరస నా గిన్నె దాకా రావడం, గరిటె కేసి ఓసారి చూడడం, పక్క గిన్నెకి జరగడం. పైన కార్న్‌ఫ్లేక్స్ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. నేను ఓ మూల కాగితం పళ్ళెం పట్టుకుని నిలబడి, మెర్లీన్ ఏ ఊరు వెళ్ళిందబ్బా అని ఆలోచిస్తున్నాను.

ఈలోగా గార్త్ తేరుకున్నాడు. "ఆ మాటకొస్తే ఏమోస్ మా టటిల్ బండి ఎద్దే కదా!" అని గొంతు పెంచాడు. సోరెన్సన్‌లు ఊరుకుంటారా? "మీ బండి ఎద్దు కుంటిదిరా, ఏమోస్ మాది!" "కుంటిది మీ తాత!" "మా తాత జోలికొస్తే బాగుండదు గార్త్!" బిషప్ మధ్యలో టర్కీ ముక్క పట్టుకుని, "బ్రదర్స్, బ్రదర్స్" అంటున్నాడు.

అవతలి బల్ల దగ్గర ఇంకో గుంపు. ఆదివారం బండి కట్టబోతే ఏమోస్ అడుగు వేసేవాడు కాదట. ప్రార్థన మొదలవగానే ముందుకాళ్ళు మడిచేవాడట. ఒకసారి ఎవరో కాఫీ కాస్తుంటే తోకతో కొట్టి ఒలకబోశాడట! ఎవరు చెప్పారమ్మా అంటే, "మా తాతమ్మ ఎప్పుడూ అనేది" అన్నారు. నిన్నటిదాకా ఆ తాతమ్మే ఏమోస్ గడ్డం దువ్వుకునేవాడని చెప్పింది వీళ్ళకి! మీ నలభయ్యేళ్ళ పరిశోధనకి, ఏమండీ, గంట ఆయుష్షు కూడా లేదు.

బిషప్ నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "సిస్టర్, హుల్డా గారి ముడి సంగతి చర్చిలో పైవాళ్ళని అడగాలి. భర్త గురించి ఏమని చెప్పమంటారు?" అన్నాడు. "మంచివాడని చెప్పు" అన్నాను. తల గోక్కున్నాడు. "ఇంత తెలిసినవారు మీరే గనక ఇకమీదట మన వార్డు, అంటే ఈ ఊరి చర్చి చరిత్ర పని మీరే చూడాలి" అన్నాడు. మన దగ్గర అంతే కదా! నోరు విప్పినవాళ్ళకే పని అంటగడతారు. కాదనే అలవాటు మనకెక్కడిది? ఒప్పుకున్నాను.

అప్పుడొచ్చింది వెర్లా. ముక్కు ఎర్రగా, కళ్ళు వాచిపోయి.

"నెడ్రక్కా, పెద్దమ్మని ఎద్దుకిచ్చి చేశానా నేను?"

"అవునే" అన్నాను.

"అక్కడ ఆవిడ మొహం ఎలా చూడను?"

"ఎందుకే ఏడుస్తావు? ఆవిడ కోరుకున్నది ఏమోస్‌నే కదా. మెడ వెచ్చగా ఉండాలంది, ఉంది. ఎండుగడ్డి వాసన రావాలంది, వస్తుంది. ఎదురు చెప్పకూడదంది, చెప్పడు."

వెర్లా ముక్కు తుడుచుకుంది. "ఆ లెక్కన మా ఆయన కన్నా నయమే" అంది.

అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది! నా చెయ్యి పట్టుకుని, "చివరికి ఎలా పోయాడక్కా? అది చెప్పలేదు నువ్వు" అంది. చుట్టుపక్కల చెంచాలన్నీ ఆగిపోయాయి. గార్త్ ఆగాడు. సోరెన్సన్‌లు ఆగారు. బిషప్ టర్కీ నమలడం ఆపాడు.

సగం చెబితే చెప్పనట్టే. నాకు గుర్తుందండీ. ఒట్టు, చెబుదామనే నోరు తెరిచాను.

"కొండెక్కాడే" అన్నాను. "పైకొచ్చి లోయ చూశాడు. ఇంక చాలనిపించినట్టుంది. మెల్లిగా మోకాళ్ళు మడిచాడు. కెజాయా మెడ చుట్టూ చేతులు వేసి కూర్చుంది. ఎవరూ తొందరపెట్టలేదు. పిల్ల చేతి మీద వెచ్చగా ఊపిరి వదిలాడు. ఇంకోసారి వదిలాడు. మళ్ళీ వస్తుందేమోనని ఆ పిల్ల చెయ్యి అలాగే పెట్టి చాలాసేపు చూసింది. రాలేదు. అందరూ టోపీలు తీశారు, పాట పాడారు. దుప్పటి కప్పి, అక్కడే పూడ్చిపెట్టారు."

ఏ పాట అని అడిగాడు గార్త్. పాట కూడా చెప్పానండీ!

"మరి పోతూ అందరి ఆకలీ తీర్చాడంటారే, అదేమిటి?" అన్నాడు సోరెన్సన్‌లలో ఒకడు. "తన వాటా గడ్డి మిగతా ఎద్దులకి వదిలేశాడు" అన్నాను. టక్కున వచ్చేసింది. ఎక్కడినుంచి వచ్చిందో నాకే తెలియదు.

ఏం చెయ్యమంటారు? అది చెబుతుంటే నాకు ఏమోస్ కనిపించలేదు. మీరు కనిపించారు. ఆసుపత్రిలో మీ ఊపిరి నా చేతి మీద, ఇంకోసారి వస్తుందేమోనని నేను. ఆ తర్వాత కత్తి తెచ్చారని చెప్పమంటారా? నా వల్ల కాలేదు. మీ మీద ప్రేమ ఉన్న మనిషి ఎవరూ చెప్పలేరు.

వెర్లా భోరున ఏడ్చింది. ఏడుస్తూనే గరిటె తీసుకుని, నా దుంపల్లో ఓ మూల నుంచి ఇంత తవ్వి పళ్ళెంలో వేసుకుంది. దాని వెనక బిషప్. వాడి వెనక సోరెన్సన్‌లు, టటిల్‌లు, ఊరంతా. గిన్నె అడుగు గీకేశారు. ఇంకో విచిత్రం చెప్పనా? ఏమోస్‌ని ఎవరూ తినలేదని తేలాక ఆ కాల్చిన మాంసం కూడా చిటికెలో ఖాళీ! గార్త్ నాకు స్వయంగా వడ్డించాడు. విగ్రహం పక్కన ఎద్దుని కూడా కంచుతో పోయిస్తాడట. దాని మొహం ఎవరిలా ఉండాలో ఇంకా ఆలోచించలేదట.

ఇదిగో ఖాళీ గిన్నె, చూడండి. కావాలంటే ఇది ఆధారం.

ఇంక వార్డు చరిత్ర నా చేతిలో ఉంది. మీ పుస్తకంలో ఆఖరి అధ్యాయం నేనే పూర్తిచెయ్యాలి. మీ అట్టపెట్టెలన్నీ మంచం కింద గోధుమ డబ్బాల పక్కన అలాగే ఉన్నాయి. ఆ ఎముక కూడా ఉంది. వెర్లా చూడకుండా నా మేజోళ్ళ సొరుగులో దాచాను. కోప్పడతారా, కోప్పడండి. మన ముడి శాశ్వతం కదా, పైకొచ్చాక తీరిగ్గా పోట్లాడుకుందాం. పెద్దమ్మనీ పిలుద్దాం. ఆవిడ పక్కన ఎవరు నిలబడి గడ్డి నములుతుంటారో చూసి అప్పుడే తేల్చుకుందాం.

అంతవరకూ మాత్రం ఏమోస్‌ని దుప్పటి కప్పి పూడ్చిపెట్టారనే రాస్తాను. కింద ఆధారం ఏం పెడతావంటారా? "నెడ్రా జోర్గెన్సన్, కళ్ళారా చూసింది" అని పెడతాను. కాదంటే మీరే లేచి వచ్చి చెప్పండి. నేనెక్కడికీ పోవడం లేదు, ఇక్కడే కూర్చుంటాను. సోడాలో ఐసు ఇంకా కరగలేదు.